యంత్రములో బొమ్మరిల్లు



ఇంటిలోని కంప్యూటరునకు ఆపరేటింగ్ సిస్టము ప్రాణమువంటిది. తెఱమీద బొమ్మలు కనబడుటయు, మీట నొక్కిన నక్షరము పడుటయు, పిల్లల పాఠములును ఇంటిపద్దులును భద్రముగా నిలుచుటయు దానివలననే. మన యిండ్లలో పెక్కింటియందు విండోస్ 10 అను సిస్టము గలదు. అది 2015లో వెలువడినది. దానిని నిర్మించిన మైక్రోసాఫ్టు సంస్థవారు 2025 అక్టోబరు 14వ తేదీతో దానికి సాధారణ రక్షణము నిలిపివేసిరి. ప్రత్యేకముగా నమోదు చేసికొన్న గృహస్థులకు మాత్రము మఱికొంత గడువొసగిరి. రక్షణము నిలిచినంతమాత్రమున యంత్ర మాగిపోదు, మునుపటివలెనే నడచును. కాని క్రొత్తగా బయలుపడు లోపములకు మరమ్మతులు రావు. తలుపు గడియ యూడిన యింటిలో కాపురము చేయుటవంటి దది.

అట్లయిన విండోస్ 11 పెట్టుకొనరాదా యందురేమో! దానికి 4 గిగాబైట్ల ర్యామును, 64 గిగాబైట్ల డిస్కును మాత్రమే చాలవు. టీపీయం 2.0 అను భద్రతాభాగమును, ఆ సంస్థవారి పట్టికలో జేరిన ప్రాసెసరును గూడ నుండవలెను. చాల యిండ్లలోని యంత్రముల కవి లేవు. అందువలన ఈ మాసమున మాకు వచ్చిన జాబులలో పెక్కింటియం దొక్కటే ప్రశ్న గలదు: “నిక్షేపమువలె పనిచేయుచున్న యంత్రమును మూల బడవేసి వేలు పోసి క్రొత్తది కొనవలసినదేనా? వేఱుదారి యేదియు లేదా?”

దారి గలదు. 1991లో ఫిన్లండు దేశమున లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి ఆరంభించిన లినక్సు నాధారము చేసికొని పెక్కు ఆపరేటింగ్ సిస్టములు పుట్టినవి. వానిలో లినక్స్ మింట్ అనునది విండోసునకు అలవాటుపడిన చేతులకు తేలికగా నుండును. ఇది 2006 నుండి వెలువడుచున్నది. దాని 22వ సంపుటము 2024 జూలైలో వచ్చినది. 2029 వరకు దానికి మరమ్మతు లందుననియు నిర్మాతలు చెప్పియున్నారు. వెల యేమియు లేదు. ఎన్ని యంత్రములం దైనను పెట్టుకొనవచ్చును.

“వినుటకు బాగుగనే యున్నది. కాని ఉన్నదానిని తీసి లేనిదానిని పెట్టబోయి రెంటికి చెడిన రేవడివలె నగునేమో!” అని మీ రనుటలో తప్పు లేదు. ఆ భయము తీఱు నుపాయమునే ఈ మాసమున వ్రాయుచున్నాము. ఇంటిలోని యంత్రమును గదలింపకుండ, దానిలోనే మఱియొక యంత్రమును గల్పించి, అందు క్రొత్త సిస్టమును ప్రతిష్ఠించి, పదిదినములు కాపురము చేసి చూచుటయే ఆ యుపాయము.

చిన్ననాడు మన మందఱము బొమ్మరిల్లు కట్టినవారమే. లక్కపిడతలలో వంట వండితిమి; బొమ్మలకు పెండ్లి చేసితిమి. బొమ్మరింటిలో పాలు పొంగిపోయినను అమ్మ పొయ్యిమీది పాలకు నష్టము లేదు. అయినను ఆ యాటలోనే మనకు సంసారము తెలియవచ్చినది. యంత్రములో గట్టు బొమ్మరింటిని వర్చువల్ మెషీను అందురు. మిథ్యాయంత్రమని మన మనుకొనవచ్చును. దానిని మోయుచున్న అసలు యంత్రమును హోస్టనియు, లోపల దిగిన సిస్టమును గెస్టనియు వ్యవహరింతురు. ఒకటి గృహస్థు, రెండవది అతిథి. పేరులలోనే ధర్మము గలదు. గృహస్థు ఇచ్చినంత చోటే అతిథిది. ఇచ్చినంత యన్నమే అతిథిది.

ఇందలి చమత్కార మేమనగా, తాను అతిథినని అతిథి యెఱుగదు. మయసభలో సుయోధనుడు నేలను నీరనియు, నీటిని నేలయనియు భ్రమసినట్లు, లోపలి సిస్టము ఒక ఫైలును జూచి డిస్కని నమ్మును. ఒక కిటికీని జూచి తెఱయని నమ్మును. ఈ మాయ క్రొత్తది గాదు. అమెరికాలో ఐబీయం సంస్థవారు 1960 దశకముననే ఒక పెద్దయంత్రమును పలువురు పంచుకొనుటకై దీనిని సాధించిరి. 1972లో వీయం/370 అను పేర విక్రయమునకు ప్రకటించిరి. ఇంటి యంత్రములకు వీయంవేర్ సంస్థవారు 1999లో దీనిని దెచ్చిరి. మన మిప్పుడు వాడబోవు వర్చువల్ బాక్స్ అను సాధనమును జర్మనీలోని యిన్నోటెక్ వారు 2007లో లోకమున కుచితముగా నిచ్చిరి. ఆ సంస్థ 2008లో సన్ వారి చేతికిని, సన్ సంస్థ 2010లో ఆరకిల్ వారి చేతికిని వచ్చినవి.

ఇక వంటకు ముందు సంభారములు. గృహస్థుయంత్రమున 8 గిగాబైట్ల ర్యామైన నుండవలెను. అతిథికి 4 ఇచ్చినను ఇంటివారికి 4 మిగులును. మొత్తము నాలుగే యున్నచోట ఈ పని పెట్టుకొనవలదు. ఉన్న యన్నము చాలక ఇద్దఱును పస్తుందురు. అట్టివారికి వేఱుదారి కడపట చెప్పెదము. డిస్కులో 40 గిగాబైట్ల ఖాళీ యుండవలెను. ప్రాసెసరునకు వర్చువలైజేషన్ అను శక్తి యుండవలెను. ఇంటెల్ వారి ప్రాసెసర్లకు 2005 నుండియు, ఏయండీ వారి ప్రాసెసర్లకు 2006 నుండియు అది వచ్చుచున్నది. మీ యంత్రమున నది మేల్కొని యున్నదో లేదో విండోసులోని టాస్క్ మేనేజరు తెఱచి, పెర్ఫార్మెన్స్ అనుచోట సీపీయూ నొక్కిన తెలియును. అచ్చట ‘వర్చువలైజేషన్’ అను మాట కెదురుగా ‘ఎనేబుల్డ్’ అని యుండిన సరి. లేనియెడల యంత్రము వెలిగించునపుడు వచ్చు బయోస్ పుటలో దానిని మేల్కొలుపవలెను. ఆ పుటలో తక్కిన వేవియు ముట్టరాదు.

రెండు వస్తువులు దింపుకొనవలెను. మొదటిది వర్చువల్ బాక్స్. రెండవది లినక్స్ మింట్. రెండును వాని వాని సొంతస్థలములనుండియే తెచ్చుకొనవలెను గాని దారిని బోవువా రిచ్చినచోటు లనమ్మదగినవి కావు. మింట్ ఐయస్ఓ యను రూపమున వచ్చును. అనగా ఒక డీవీడీలో పట్టు సమస్తమును ఒక్క ఫైలుగా మూటగట్టినది. సుమారు 3 గిగాబైట్లు. తెచ్చిన బియ్యమును చెఱిగి చూచుకొన్నట్లు దీనిని గూడ పరీక్షింపవలెను. నిర్మాతలు ప్రతి ఐయస్ఓకును 64 అంకెలును అక్షరములును గల ముద్ర నొకదానిని ప్రకటింతురు. దాని పేరు షా-256. విండోసులోనే యున్న సర్ట్‌యుటిల్ అను పనిముట్టుచే మన ఫైలునకు ముద్ర తీయించి రెంటిని సరిచూడవలెను. లోపల నొక్క బిందువు మాఱినను ముద్ర యంతయు మాఱిపోవును. అవి యొక్కటిగా నున్నచో మూట చెడలేదు, దారిలో నెవరును విప్పలేదు.

ఇక బొమ్మరిల్లు కట్టుదము. వర్చువల్ బాక్స్ తెఱచి ‘న్యూ’ అను మీట నొక్కవలెను. పేరేమి యని యడుగును. మీ కిష్టమైన పేరు పెట్టుడు. ఐయస్ఓ యెచ్చట నున్నదో చూపుడు. ఈ నడుమ వచ్చిన సంపుటములలో ‘మీ రేమియు చేయనక్కఱలేదు, నేనే యంతయు పెట్టెదను’ అను వసతి యొకటి గలదు. దానిని వలదనుడు. మనము వచ్చినది నేర్చుటకుగాని వడ్డించిన విస్తరిముందు గూర్చుండుటకు గాదు.

తరువాత ర్యామెంత యని యడుగును. 4096 మెగాబైట్లు, అనగా 4 గిగాబైట్లు, ఇండు. ఆ కొలబద్దపై పచ్చగీతయు ఎఱ్ఱగీతయు నుండును, ఎఱ్ఱదానిలోనికి పోరాదు. ప్రాసెసర్లు 2. డిస్కు 30 గిగాబైట్లు. మింట్ వారు కనీసము 20 చాలునందురు. కొంచె మెడమున్న మేలు. ఈ డిస్కు మిథ్య. మీ యింటిడిస్కులో నొక ఫైలు మాత్రమే. 30 అని చెప్పినను మొదట నంత చోటాక్రమింపదు. లోపల సామాను పెరిగినకొలది తానును పెరుగును. కాని లోపల సామాను తీసివేసినపుడు తనంత తాను తగ్గదు. చీరకట్టు సడలినంత తేలికగా బిగియదని యెఱిగినవారమే గదా!

‘స్టార్ట్’ నొక్కుడు. కిటికీలో నల్లని తెఱ యొకింతసేపు నిలిచి, పిమ్మట మింట్ ముంగిలి కనబడును. ఇంకను ప్రతిష్ఠ జరుగలేదు. ఐయస్ఓనుండి తాత్కాలికముగా నడచుచున్నది. మౌసు ఆ కిటికీలో జిక్కి వెలికి రాకున్న తత్తఱపడవలదు. కీబోర్డున కుడివైపునున్న కంట్రోల్ మీట నొక్కిన విడిపడును. ముంగిట ‘ఇన్‌స్టాల్ లినక్స్ మింట్’ అను బొమ్మ యుండును. దానిని రెండుమాఱులు నొక్కుడు. భాష యేది, కీబోర్డేది యని వరుసగా నడుగును. పాటలకును చలనచిత్రములకును వలయు కోడెక్కులు పెట్టవలెనా యని యడుగును, పెట్టుమనుడు.

అటుపిమ్మట గుండె ఝల్లుమను మాట వచ్చును: ‘ఎరేజ్ డిస్క్.’ డిస్కునంతయు తుడిచివేసి మింట్ పెట్టుదునా యని ప్రశ్న. ఇచ్చట కొంచెము నిలువవలెను. ఏలయన, ఈ వ్యాసమున కంతకును మూల మీ మాటయే.

మే మెఱిగిన యొక యింట చదువుకొన్న కుఱ్ఱవాడు ఉత్సాహముచే అసలు యంత్రముమీదనే ఈ పని చేసెను. బొమ్మరిల్లు కట్టలేదు, ప్రతి తీసి దాచలేదు. ఈ ప్రశ్నకు ఔననెను. అరగంటలో మింట్ చక్కగా వచ్చినది. కాని అతని నాయనమ్మ పాడిన మంగళహారతులును, పెండ్లిపాటలును, లాలిపాటలును ఆ డిస్కులోనే యుండెను. ఆమె జీవించియుండగా కోడలు ఓపికతో నొక్కొక్కటిగా పట్టిపెట్టినవి. ఆమె లేదు, పాటలును పోయినవి. కుఱ్ఱవాని నేమన్న నేమి లాభము? ఆ కోడలు “నన్నొక్కమాట అడిగినను ఎచ్చట నేమున్నదో చెప్పెడిదానను” అన్నది. ఆ మాట మాకు మఱపురాదు. యంత్రములో నేమున్నదో యెఱిగినది ఆమె. యంత్రముపై చేయి వేయు నధికారము వేఱొకరిది. ఈ రెండును రెండుచేతులలో నుండుటచేతనే ఆ నష్టము కలిగినది.

కావున సోదరులారా యని గాదు, సోదరీమణులారా యనియే చెప్పుచున్నాము: ఆ మాటను అసలు యంత్రముపై చూడకముందే బొమ్మరింటిలో చూచి యుండుడు. ఇచ్చట ఔననుడు. తుడిచివేయబడునది మిథ్యాడిస్కుగా నున్న ఆ యొక్క ఫైలులోపలి శూన్యమే. మీ ఛాయాచిత్రములు చెక్కుచెదరవు. ఒకమాఱు చేతితో నొక్కినపిమ్మట, ఏ తెఱమీద ఏ డిస్కు పేరు చదివి నొక్కవలెనో మీకు తెలియును. అక్కడ కనబడు డిస్కు పరిమాణము 30 గిగాబైట్లకు దగ్గఱగా నున్నదా యని చదివి నొక్కుట అలవాటు చేసికొనుడు. అసలు యంత్రము ముందు గూర్చున్ననాడు ఆ యలవాటే కాపాడును.

మిగిలినది సులభము. భూమిపటమున కోల్‌కతా యను కాలస్థానము నెన్నుకొనుడు; మన దేశమంతటికి నదియే. పేరును, పాస్‌వర్డును ఇండు. కొంతసేపటికి పని ముగిసి మఱల మొదలుపెట్టుమనును. ఐయస్ఓను తొలగించి ఎంటర్ మీట నొక్కుమని చెప్పును. తరచుగా వర్చువల్ బాక్సే దానిని తొలగించును. మఱల మొదటి ముంగిలియే వచ్చి ‘ఇన్‌స్టాల్’ బొమ్మ తిరిగి కనబడినచో ఐయస్ఓ యింకను తగిలియున్నదని యెఱిగి తీసివేయుడు. తెఱ చిన్నదిగా నుండి కిటికీతోపాటు పెరుగకున్నయెడల గెస్ట్ అడిషన్స్ అను ఉపకరణమును ‘డివైసెస్’ అను పట్టికనుండి పెట్టుకొనవలెను.

క్రొత్త కాపురమున మొట్టమొదట మన భాష నిలుపుదము. కీబోర్డు అమరికలలో లేఅవుట్లు అనుచోటికి పోయి తెలుగును జేర్చుడు. దీని పద్ధతి ఇన్‌స్క్రిప్టు. అచ్చులు ఎడమచేతిక్రిందను, హల్లులు కుడిచేతిక్రిందను ఉండును. మన దేశభాషల కన్నిటికిని ఒకే అమరిక గనుక, తెలుగున ‘క’ యున్న మీటయందే హిందీ ‘క’ యు నుండును. యూనికోడు అను అంతర్జాతీయ లిపివ్యవస్థయందు 1991 నాటి మొదటి సంపుటముననే తెలుగునకు స్థానము గలిగినది. కావున విండోసులో వ్రాసిన తెలుగుజాబు ఆ పద్ధతిలోనిదైనచో ఇచ్చటను చదువవచ్చును. ఇచ్చట వ్రాసినది అచ్చట చదువవచ్చును. పాతపద్ధతి ఫాంట్లతో వ్రాసినవి మాత్ర మట్లు రావు. అట్టివి మీ యింట నున్నవేమో ఇపుడే చూచుకొనుట మేలు.

ఇల్లు సర్దుకొన్నపిమ్మట స్నాప్‌షాట్ అనుదానిని తీసి యుంచుడు. ఆ క్షణమున లోపలి సిస్టమెట్లున్నదో అట్లే ముద్రవేసి నిలుపుట దాని పని. ఆమీద నెట్టి చిక్కు వచ్చినను ఆ క్షణమునకు తిరిగి పోవచ్చును. జీవితమున లేని యీ వసతి యంత్రమున గలదు! అమరికలు మార్చి చూడుడు. తెలియని మీటలు నొక్కి చూడుడు. పాడైనచో మఱల రండు. కాని స్నాప్‌షాట్ భద్రప్రతి గాదు. గృహస్థుని డిస్కే చెడినచో అతిథియు, అతని ముద్రలును కలిసి పోవును.

రెండు హెచ్చరికలు. బొమ్మరింటికిని అసలింటికిని నడుమ షేర్డ్ ఫోల్డరు అను ద్వార మొకటి పెట్టవచ్చును. అది మాయ కాదు, నిజము. అతిథి ఆ ద్వారమునందలి ఫైలును తీసివేసినచో మీ యింటిలోనే పోవును. కావున దానికై ఖాళీ ఫోల్డరు నొకదానిని వేఱుగా నుంచి, కావలసినవాని ప్రతులు మాత్ర మందు పెట్టుడు. రెండవది: బొమ్మరింటిలో నున్నామను ధైర్యముతో బ్యాంకు పాస్‌వర్డులను ఎచ్చటబడిన నచ్చట వ్రాయరాదు. మోసగాని కిచ్చిన రహస్యము ఏ యింటినుండి యిచ్చినను మోసగానిదే.

పదిదినములు పరీక్షింపుడు. ఇంటిపద్దులను లిబ్రే ఆఫీసులో తెఱచి కూడికలు సరిగా వచ్చుచున్నవో చూడుడు. బడి మార్కుల పట్టికలను తెఱచి చూడుడు. ఫైర్‌ఫాక్సులో పిల్లల పాఠములు నడచునో లేదో చూడుడు. విండోసునందు మాత్రమే పనిచేయు సాధనము మీ యింట నేదైన నున్నదా యని వ్రాసికొనుడు. అట్టిదానికి బదులు దొరకక పోయినచో మింట్ మీ యింటికి తగదనియే తేల్చవచ్చును. అదియు విజయమే, ఒక్క ఫైలు పోకుండ తెలిసినది గదా!

బొమ్మరిల్లు చెప్పలేని సంగతులును గలవు. అతిథికి కనబడు పరికరములు మిథ్యలు గనుక, మీ వైఫై మింట్‌లో పనిచేయునో లేదో ఇచ్చట తెలియదు. వేగము గూడ అసలుకంటె తక్కువగా నుండును. ఇవి తెలియుటకు ఐయస్ఓను పెన్‌డ్రైవునకెక్కించి, యంత్రమును దానినుండి వెలిగింపవలెను. పెన్‌డ్రైవులో మునుపున్నది పోవును గనుక ఖాళీదానినే వాడుడు. ప్రతిష్ఠింపకుండ నూరక నడపి చూచినంతవఱకు ఇంటిడిస్కునందలి ఫైళ్లకు మార్పు లేదు. ర్యాము తక్కువైనవారి కిదియే దారి.

చివరకు మింటే కావలెనని నిశ్చయించినచో, ఆ దినము తొందరపడవలదు. పాటలు, ఛాయాచిత్రములు, దస్తావేజులు రెండుచోటుల ప్రతులు తీసి, ఆ ప్రతులు తెఱచుకొనుచున్నవో లేదో కన్నులార జూచి, పిదపనే అసలు యంత్రమున ఆ ప్రశ్నకు ఔననుడు. బొమ్మరిల్లు వలదనుకొన్ననాడు వర్చువల్ బాక్సులో ‘రిమూవ్’ అని, ఫైళ్లన్నియు తీసివేయుమనిన ఇంటిడిస్కున ఆ చోటు మఱల ఖాళీ యగును.

ఇంట నేది యెచ్చట నున్నదో యెఱిగిన చేతికే దానిని కదపు నేర్పును గలిగియుండుట న్యాయము. ఆ నేర్పునకు వలయునది ఒక్క మధ్యాహ్నపు తీఱిక. రాబోవు మాసమున, ఛాయాచిత్రములును పాటలును చెడకుండ ప్రతులు తీసి దాచు విధమును వివరింతుము. ఈలోపల మీ బొమ్మరిండ్ల క్షేమసమాచారములు వ్రాయుడు.